మగవాళ్ళు, మ్యాట్లు, మళ్ళీ ఆ వాచ్ గొడవ

ప్రసాద్: నమస్కారం. మళ్ళీ కూర్చున్నాం, నేనూ, మా యోగా టీచరు లతా. ఈ వారం యోగా క్లాసుకి వెళ్ళే మగవాళ్ళ గురించి మాట్లాడదాం అనుకున్నాం. ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. క్లాసుకి ఎప్పుడూ ఆకుపచ్చ తువ్వాలు తెచ్చుకునే ఆయన కూడా అడిగారు.

లత: అన్నా, ఆయన్ని తలవకండి. నవ్వు మొదలైతే నేను ఆపుకోలేను.

ప్రసాద్: సరే, తలవను. మొదటి ప్రశ్న. క్లాసులో అందరూ ఆడవాళ్ళే, నేనొక్కణ్ణే మగవాణ్ణి, వెళ్ళమంటారా అని.

లత: వెళ్ళండి. అందులో ఆలోచించాల్సిందేం లేదు. అమెరికాలో 2016లో ఒక పెద్ద సర్వే చేస్తే యోగా చేసేవాళ్ళలో 72 శాతం ఆడవాళ్ళే అని తేలింది. కానీ 1930లలో మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్యగారి దగ్గర నేర్చుకున్నది ఎక్కువగా మగపిల్లలే. ఇంద్రాదేవి అనే ఆవిడ వచ్చి నాకూ నేర్పండి అంటే ఆయన మొదట ఒప్పుకోలేదు. మహారాజు చెప్పాకే చేర్చుకున్నారు. ఆవిడ ఆ తర్వాత హాలీవుడ్‌లో స్టూడియో పెట్టి ఎంతమందికి నేర్పారో! అంతమంది మగవాళ్ళ మధ్య ఆవిడ నిలబడ్డారు కదా, ఇప్పుడు ఈయన ఎందుకు నిలబడలేరు?

ప్రసాద్: బాగా చెప్పావు. మరి నిలబడేదెక్కడ? కొత్తగా వచ్చిన మగవాళ్ళు సాధారణంగా వెనక మూల వెతుక్కుంటారు.

లత: అదే వద్దంటాను. మూలలో ఉంటే, అటు తిరిగి చేసే ఆసనం వచ్చినప్పుడు ఎదురుగా గోడ తప్ప ఏమీ కనపడదు. మధ్య వరుసలో నిలబడితే ఎటు తిరిగినా ఒక మనిషి కనిపిస్తారు, చూసి చేయొచ్చు. ఇంకోటి, వదులు నిక్కర్లు వేసుకు రాకండి. కాళ్ళు పైకెత్తితే అవి జారతాయి, మనసంతా వాటి మీదే ఉంటుంది. టీ షర్టు కూడా లోపలికి దోపుకోండి, చేతులూ కాళ్ళూ నేలకి ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో మొహం మీదకి వచ్చేస్తుంది.

ప్రసాద్: ఇది ఎవరూ చెప్పరు, నిజంగా.

లత: మూడోది, శవాసనం ముందు లేచి వెళ్ళిపోకండి.

ప్రసాద్: వచ్చిందీ శవాసనం! ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు.

లత: వస్తుంది, మళ్ళీ మళ్ళీ వస్తుంది. మగవాళ్ళే ఎక్కువగా వెళ్ళిపోతారన్నా. పడుకోవడం వ్యాయామం కాదని వాళ్ళ లెక్క.

ప్రసాద్: ముందుకి ఒంగడం గురించి కూడా చెప్పు. చేతులు కాళ్ళకి అందవు అని చాలామంది బాధ.

లత: అందక్కర్లేదు. తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటే నడుం దగ్గర గూని వచ్చేస్తుంది, బరువంతా నడుం మీద పడుతుంది. మోకాళ్ళు వంచండి, ఏం నష్టం లేదు. కూర్చుని ముందుకి ఒంగేటప్పుడు పిరుదుల కింద దుప్పటి మడత వేసుకోండి, పాదాలకి స్ట్రాప్ వేసి పట్టుకోండి. బెల్టులూ దిమ్మెలూ పెట్టి నేర్పడాన్ని కృష్ణమాచార్యగారి శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్‌గారు ప్రపంచమంతా తీసుకెళ్ళారు. చిన్నప్పుడు జబ్బులతో బాగా చిక్కిపోయిన మనిషి ఆయన. స్ట్రాప్ వాడితే చిన్నతనం అనుకునేవాళ్ళు అది గుర్తు పెట్టుకోవాలి.

ప్రసాద్: సరే, ఇక అసలు విషయం.

లత: ఇదే కదా అసలు విషయం?

ప్రసాద్: కాదు. నిన్న నీ క్లాసులో వీరభద్రాసనం, అదే ముందు మోకాలు వంచి నిలబడేది, పట్టి నిలబెట్టావు. అప్పుడు నా వాచ్ చూసుకుంటే హార్ట్ రేట్ 138. నేను వేగంగా నడిచినా అంత రాదు. యోగా కార్డియో కాదు, అంటే గుండెకీ ఊపిరితిత్తులకీ పని పెట్టే వ్యాయామం కాదు అని నువ్వెప్పుడూ అంటావు కదా, మరి ఎందుకు కాదంటావు?

లత: క్లాసులో వాచ్ చూశారా?

ప్రసాద్: చూశాను. జవాబు చెప్పు.

లత: ఎక్కువ రకాల యోగా కార్డియో కాదన్నా. యోగా నేర్పేదాన్ని నేనే చెప్తున్నాను.

ప్రసాద్: 138కి సమాధానం కావాలి నాకు.

లత: చెప్తాను, మధ్యలో ఆపకండి. వీరభద్రాసనంలో తొడ కండరం బిగించి అలాగే ఉంచుతారు కదా. బిగిసిన కండరం తన లోపలి రక్తనాళాలను నొక్కేస్తుంది, రక్తం సరిగ్గా పారదు. అప్పుడు ఒంట్లో బీపీ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. కానీ ఆ కండరం వాడుకునే ఆక్సిజన్ అంతగా పెరగదు. పరుగులో అలా కాదు. పెద్ద కండరాలు బిగిసి వదులుతూ, బిగిసి వదులుతూ ఉంటాయి, రక్తం ధారాళంగా పారుతుంది, గుండె కొట్టిన ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది. వారాల తరబడి ఆ పని చేస్తేనే గుండె దానికి అలవాటుపడి బలపడుతుంది. మీ వాచ్ మణికట్టు దగ్గర నాడి చూసి లెక్క కడుతుంది. 138 ఎందుకొచ్చిందో దానికి తెలియదు.

ప్రసాద్: అంటే రెండు 138లూ ఒకటి కావంటావు.

లత: ఒకటి కావు. గదిని వేడి చేసి చేయించే యోగాలో ఇంకా తేడా. ఒంటిని చల్లబరచడానికి చర్మానికి రక్తం పంపాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. దాన్ని చూసి ఇన్ని క్యాలరీలు ఖర్చయ్యాయని వాచ్ లెక్క వేసేస్తుంది.

ప్రసాద్: దీన్ని కొలిచినవాళ్ళు ఉన్నారా, లేక నువ్వు...

లత: ఉన్నారు. 2007లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. మనుషుల్ని ఒక మూసిన గదిలో ఉంచి, వాళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుతున్నారో గాలిని బట్టి కొలిచారు. లోపల వాళ్ళు హఠ యోగా చేశారు, ట్రెడ్‌మిల్ మీద నడిచారు కూడా. యోగాకి సగటున 2.5 మెట్స్ వచ్చింది. ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు చేస్తోందో చెప్పే కొలత అది. కుదురుగా కూర్చుంటే 1, ఒక మోస్తరు వ్యాయామం అనాలంటే కనీసం 3 ఉండాలి. 2.5 అంటే గంటకి 3.2 కిలోమీటర్ల చొప్పున మెల్లగా నడిచినట్టు.

ప్రసాద్: అంత తక్కువా? మెల్లగా నడిస్తే నాకు చెమటే పట్టదు. నీ క్లాసులో మ్యాట్ తడిసిపోతుంది.

లత: చెమట వేరన్నా.

ప్రసాద్: సూర్య నమస్కారాలో? అవి కూడా మెల్లటి నడకేనా?

లత: అక్కడ మీరు గెలిచారు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో ఒక సమీక్ష వచ్చింది. సూర్య నమస్కారాలు 2.9 నుంచి 7.4 మెట్స్ దాకా పోతాయని అందులో ఉంది. 6 దాటితే తీవ్రమైన వ్యాయామం కిందే లెక్క. ఎంత వేగంగా చేస్తున్నారు, ఆపకుండా ఎంతసేపు చేస్తున్నారు, అంతా దాన్నిబట్టే ఉంటుంది. 2007 అధ్యయనం చేసినవాళ్ళు కూడా, పది నిమిషాలు దాటి వరసగా సూర్య నమస్కారాలు చేస్తే, వ్యాయామం అలవాటు లేనివాళ్ళకి పనికొచ్చే తీవ్రత రావచ్చని రాశారు.

ప్రసాద్: చూశావా! మరి కార్డియో కాదని మొదట ఎందుకన్నావు?

లత: ఎక్కువ రకాలు కాదన్నాను. ఆ మాట మీద నిలబడతాను. గంట క్లాసులో సూర్య నమస్కారాలు ఎంతసేపు ఉంటాయి? మిగతాదంతా నిలబడడం, మెలితిరగడం, శ్వాస, చివర శవాసనం.

ప్రసాద్: శవాసనం, రెండోసారి.

లత: లెక్కపెట్టుకోండి. వాచ్‌తో లెక్కపెట్టే మగవాళ్ళే చివర పడుకోకుండా పోతారు. క్యాలరీ అంకె పెరగడం ఆగిపోయింది కాబట్టి క్లాసు అయిపోయిందనుకుంటారు. నిజంగా బాధేస్తుంది నాకు. గంటసేపు కష్టపడి, ఒంటికి విశ్రాంతి ఇవ్వాల్సిన చోటికి వచ్చేసరికి చెప్పులేసుకుంటారు.

ప్రసాద్: నేనెప్పుడూ వెళ్ళలేదు.

లత: మీరు వెళ్ళలేదు. కానీ అక్కడ కూడా వాచ్ చూస్తారు.

ప్రసాద్: గుండె వేగం ఎంత దిగిందో చూస్తాను! అదీ తప్పేనా?

లత: తప్పు కాదు. కళ్ళు మూసుకోండి అంతే.

(ఇద్దరూ నవ్వు)

ప్రసాద్: అసలు నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తాను. మా అన్నయ్య సంగతి నీకు తెలుసు.

లత: గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు కదా.

ప్రసాద్: అవును. రోజూ నడవమన్నారు డాక్టరు. మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. నడక మానేశాడు, యోగా ఒక్కటే చేస్తున్నాడు. వదిన నన్ను అడుగుతోంది, ఇది చాలా, చాలదా అని. చాలు అని చెప్పాలని ఉంది నాకు. అందుకే 138 పట్టుకుని కూర్చున్నాను.

లత: అన్నా, ఇది ముందే చెప్పాల్సింది.

ప్రసాద్: ఇప్పుడు చెప్పు. చాలా?

లత: ఆయన్ని చూసే డాక్టరే చెప్పాలి ఆ మాట. నాకు తెలిసింది చెప్తాను. గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్ళ మీద మన దేశంలోనే పెద్ద పరీక్ష జరిగింది, యోగా-కేర్ అని. 24 ఆసుపత్రులు, దాదాపు 4,000 మంది. 2020లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి మామూలు సలహాలు ఇచ్చారు, కొందరికి మూడు నెలల పాటు యోగా ఆధారంగా శిక్షణ ఇచ్చారు. యోగా చేసినవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందన్నారు, మునుపటి పనుల్లోకి బాగా రాగలిగారు. కానీ మళ్ళీ గుండెపోటు రావడం, మరణాలు, అలాంటివాటిలో రెండు గుంపుల మధ్య నమ్మదగినంత తేడా కనపడలేదు.

ప్రసాద్: అంటే మేలు ఉంది.

లత: ఉంది. మనిషి కోలుకుని తన పని తాను చేసుకోగలగడం చిన్న విషయం కాదు. కానీ దాన్ని చూపించి నడక మానేయొచ్చు అనడానికి లేదు. మోకాళ్ళు నొప్పయితే నడకే చేయాలని ఏముంది? స్టేషనరీ సైకిల్ ఉంది. ఈత ఉంది. ఛాతీ లోతు నీళ్ళలో నడవడం ఉంది, నీళ్ళలో మోకాళ్ళ మీద బరువు బాగా తగ్గుతుంది. ఇవన్నీ కార్డియోనే. వీటిలో ఆయనకి ఏది సరిపోతుందో డాక్టర్ని అడగమనండి.

ప్రసాద్: సైకిల్ అడగొచ్చు. అది ఆలోచించలేదు వదిన.

లత: ఇంకో మాట. ఆయనకి బీపీ ఉందా?

ప్రసాద్: ఉంది. మందులు వాడుతున్నాడు.

లత: అయితే ఆసనంలో ఊపిరి బిగబట్టకూడదు. మగవాళ్ళు బరువైన ఆసనంలో పళ్ళు బిగించి ఊపిరి ఆపేస్తారు, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. తలకిందులుగా ఉండేవి, చాలాసేపు బిగించి పట్టుకునేవి కూడా వద్దు. నేర్పే టీచరుకి స్టెంట్ సంగతి తెలుసా?

ప్రసాద్: చెప్పి ఉండడు. మా వాడి సంగతి నాకు తెలుసు.

లత: ఈ రోజే చెప్పించండి. మగవాళ్ళతో ఇదొకటి. క్లాసుకి వస్తారు, ఒంట్లో ఏముందో చెప్పరు. నేను అడిగితే ఏం లేదంటారు.

ప్రసాద్: (కాసేపు ఆగి) సరే. ఇవాళ ఫోన్ చేస్తాను.

లత: ఆయన్ని యోగా మానమనట్లేదు నేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయమంది. మనకి గుర్తుండేది అదొక్కటే. కండరాల బలం కోసం వారంలో రెండు రోజులైనా చేయమని కూడా ఉంది. 65 దాటినవాళ్ళు పడిపోకుండా ఉండడానికి బ్యాలెన్స్ మీద మూడు రోజులైనా పని చేయమని ఉంది. ఒంటికాలి మీద వృక్షాసనంలో నిలబడితే ఏ పరుగూ ఇవ్వనిది దొరుకుతుంది. అది కార్డియో అవ్వాల్సిన అవసరం ఏముంది? పరుగెత్తేవాణ్ణి నీ నడుం వంగుతుందా అని ఎవరూ అడగరు. యోగా చేసేవాళ్ళనే, అందులోనూ మగవాళ్ళనే, ఇది లెక్కలోకి వస్తుందా అని అడుగుతారు. ఆ ప్రశ్న విని విని విసుగొచ్చింది నాకు.

ప్రసాద్: కోపం వచ్చింది నీకు.

లత: కొంచెం. శవాసనం వేసుకుంటే పోతుంది.

ప్రసాద్: మూడు! అయితే నా సూర్య నమస్కారాలు నా 150 నిమిషాల్లో కలుపుకోవచ్చా, లేదా? అది తేల్చు.

లత: చేస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉంటే ఆ నిమిషాలు కలుపుకోండి. హాయిగా పాడగలిగితే కలపకండి. వాచ్‌తో పని లేదు.

ప్రసాద్: నేను పాడితే క్లాసు ఖాళీ అయిపోతుంది.

లత: శవాసనంలో ఉన్నవాళ్ళు కూడా లేచిపోతారు. మిగతా ప్రశ్నలు?

ప్రసాద్: చాలా ఉన్నాయి. సగం కూడా కాలేదు. ఒకటి తీసుకుందాం. బరువులెత్తే మనిషి, చతురంగ దండాసనంలో, అదే మోచేతులు వంచి ఒంటిని నేలకి సమాంతరంగా ఆపేదాంట్లో, భుజం ముందువైపు నొప్పి అంటున్నారు.

లత: బలం ఉంది కదా అని భుజాలు మోచేతుల కంటే కిందకి దింపేస్తారు. మోచేతుల ఎత్తు దగ్గరే ఆపమనండి. మోకాళ్ళు నేలకి ఆనించి చేసినా పర్వాలేదు. నొప్పి తగ్గకపోతే మానేసి చూపించుకోవాలి.

ప్రసాద్: ఇంకొకరు, అధోముఖ శ్వానాసనంలో మణికట్టు నొప్పి.

లత: బరువంతా మణికట్టు పక్కన అరచేతి మొదలు మీద పడుతుంది అక్కడ. వేళ్ళు బాగా విప్పి, వేళ్ళ మొదళ్ళతో నేలని నొక్కమనండి.

ప్రసాద్: మోచేతుల మీద చేయొచ్చా?

లత: చేయొచ్చు. కానీ భుజాలు బిగుసుకుపోయి ఉన్నవాళ్ళకి అది ఇంకా కష్టం. అన్నా, మీ ఫోన్ మోగుతోంది.

ప్రసాద్: అన్నయ్యే. ఇక్కడ ఆపేద్దాం, నేను మాట్లాడతాను.

లత: టీచరుకి చెప్పమనండి, మర్చిపోకండి.