సరళీ వరుస కోసం వేళ్లకి వైబ్రేషన్ ఉంగరాలు

నమస్తే, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. కీబోర్డు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఇవాళ ఒక చిన్న పరికరం చేద్దాం. ఏ స్వరానికి ఏ వేలు వాడాలో ఇది నోటితో చెప్పదు. ఆ వేలి మీదే జుయ్‌మంటుంది.

ఈ ఐడియా నాది కాదు. అమెరికాలో జార్జియా టెక్‌లో థాడ్ స్టార్నర్ బృందం ఇలాంటి గ్లౌజు చేసింది. అది వేసుకుని వేరే పని చేసుకుంటున్నా సరే, పాట వినిపిస్తూ వేళ్లు వైబ్రేట్ అయితే, తర్వాత ఆ పాట వాయించడం సులువైందట. మనం గ్లౌజు జోలికి పోవద్దు. మన ఎండలకి అరచెయ్యంతా చెమటే. వెల్క్రో పట్టీలతో ఐదు ఉంగరాలు చాలు.

ఇదిగో, దగ్గరగా చూపిస్తా. చొక్కా గుండీ అంత ఉందే, ఇదే ఫోన్లలో వాడే వైబ్రేషన్ మోటారు. దీన్ని ఆర్డుయినో (మనం రాసిన కోడ్ నడిపే చిన్న బోర్డు) పిన్‌కి నేరుగా కలపొద్దు, అంత కరెంటు పిన్ ఇవ్వలేదు. మధ్యలో స్విచ్‌లా పనిచేసే 2ఎన్2222 ట్రాన్సిస్టర్, దాని బేస్ కాలికి 1కె రెసిస్టర్, మోటారు రెండు వైర్ల మధ్య ఒక డయోడ్, డయోడ్ మీది గీత ప్లస్ వైపు. మోటార్లకి రెండు పెన్సిల్ సెల్స్ సరిపోతాయి. సెల్స్ మైనస్, ఆర్డుయినో గ్రౌండ్ రెండూ కలపాలి, లేకపోతే ఏదీ కదలదు. మోటారు వేలి వెనక పక్కన ఉండాలి, కొస కీ మీదకి ఫ్రీగా పోవాలి కదా.

ఇక పాఠం, మొదటి సరళీ వరుస. రాగం మాయామాళవగౌళ, సి శ్రుతి (అంటే స సి కీ మీద), కుడిచెయ్యి. బొటనవేలు 1, చిటికెనవేలు 5. స రి గ కి 1 2 3. మ ప ద ని స కి 1 2 3 4 5. దిగేటప్పుడు ఇదే తిరగేయండి. ఎక్కేది ఎనిమిది స్వరాలు, ఆది తాళం ఎనిమిది అక్షరాలు, సరిగ్గా ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. కోడ్‌లో అక్షరానికి 1000 మిల్లీసెకన్లు, అందులో 200 వైబ్రేషన్. మోటారు స్పీడు అందుకోవడానికి కాస్త టైం తీసుకుంటుంది, అందుకే తాళం దెబ్బకి కొంచెం ముందే ఆన్ చేయండి.

మా అన్న కూతురికి తొడిగితే వెంటనే అడిగింది: "చిన్నాయనా, స కి కూడా బొటనవేలే, మ కి కూడా బొటనవేలే. ఏది నొక్కాల?" పాప పట్టేసింది. ఏ వేలో, ఎప్పుడో మాత్రమే ఉంగరం చెబుతుంది, ఏ కీ నొక్కాలో చెప్పదు. గ తర్వాత బొటనవేలు మధ్యవేలి కిందుగా దూరి మ మీదకి పోవడం ముందు కళ్లతో చూసి నేర్చుకోవాల్సిందే. ఉంగరాలు ఆ తర్వాతే.

ఎప్పుడూ ఆన్‌లో పెడితే చెయ్యి దానికే అలవాటు పడిపోతుంది. రెండు ఆవర్తనాలు ఆన్, రెండు ఆఫ్. ఆఫ్‌లో ఎక్కడ తడబడుతున్నారో చూసి అక్కడ మాత్రమే మళ్లీ ఆన్ చేయండి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపే పద్ధతులు, మాత్రం దీన్ని అడక్కండి, అవి గురువు దగ్గరే.

వయొలిన్ వాళ్లకి ఈ ఉంగరాలు పెద్దగా పనికిరావు, వాళ్లకి మొదట్లో తిప్పలన్నీ కమానుతోనే. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ వాళ్లు కమాను దారి తప్పితే వైబ్రేట్ అయ్యే జాకెట్ చేశారు. దానికి సెన్సర్లు కావాలి, ఇంకో వీడియోలో చూద్దాం. ఈలోపు మోటారు వైర్లు అతుకు దగ్గర హాట్ గ్లూ పెట్టండి. వెంట్రుకంత సన్నం, ఒక్కసారి లాగితే తెగుతాయి.