సమ్మతి ఎవరిది?

సభకు నమస్కారం.

ఫ్యాక్టరీ పెట్టదలచినవారు కాలుష్య నియంత్రణ మండలి నుంచి తీసుకోవలసిన పత్రాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం లైసెన్సు అనలేదు, పర్మిట్ అనీ అనలేదు, సమ్మతి అంది. కార్యాలయాల్లో అందరం కన్సెంట్ అనే అంటాం. నిర్మాణానికి ముందు ఒకటి, ఉత్పత్తి మొదలుపెట్టే ముందు మరొకటి. మండలిలో ఇంజనీరుగా చేరిన తొలి రోజుల్లో నాకది ఒక ఫైలు పేరు మాత్రమే. సమ్మతిస్తున్నది ఎవరు, ఎవరి తరఫున అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా తట్టింది. ఫ్యాక్టరీ నీరు కలిసే వాగును దిగువన తాగేవారు, దానితో పొలం తడుపుకునేవారు, అందులో వల వేసేవారు ఆ ఫైలు మీద సంతకం చేయరు. వారి బదులు మండలి చేస్తుంది. ప్రభుత్వంతోనూ పరిశ్రమలతోనూ ప్రజలతోనూ మండలి ఎలా మెలగాలన్నదానికి నా దగ్గరున్న కొలబద్ద ఇదొక్కటే.

మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. ఈ చట్టంలో మౌనం పూర్ణాంగీకారం. దరఖాస్తు చేసిన 4 నెలల్లోగా మండలి ఇస్తామనో ఇవ్వమనో తేల్చకపోతే, ఏ షరతూ లేకుండా సమ్మతి ఇచ్చినట్టే భావించాలని 25వ సెక్షన్ చెప్పింది. డబ్బు పెట్టినవారిని ఏళ్ల తరబడి తిప్పుకోకూడదన్న ఉద్దేశం సబబైనదే. కానీ చూడవలసిన ఇంజనీరు లేక ఫైలు కదలని చోట, ఆ గడువు తీరిపోయిన రోజున దిగువ ఊరు తన మాట చెప్పకుండానే ఒప్పుకున్నట్టు లెక్క. మండలికి సిబ్బంది కావాలని అడిగినప్పుడల్లా నేను ఈ సెక్షన్‌నే గుర్తు చేస్తాను.

ఇక ప్రభుత్వంతో సంబంధం. హైదరాబాదు జంట జలాశయాల కేసు కన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి తాగునీరిచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య కారక పరిశ్రమలు రాకూడదని 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 111వ నంబరు జీవో ఇచ్చింది. 84 గ్రామాలు దాని కిందకు వచ్చాయి. శంషాబాద్ మండలంలో ఆముదం నుంచి రసాయన ఉత్పత్తులు తయారుచేయదలచిన ఒక సంస్థ ఆ పరిధిలోనే స్థలం కొని అనుమతి కోరితే మండలి నిరాకరించింది. నిషేధం పెట్టిన అదే ప్రభుత్వం 1997లో ఆ ఒక్క సంస్థకు మినహాయింపు ఇచ్చింది. అప్పీలు విన్న అధికారి సంస్థ పక్షాన తీర్పు చెప్పారు. హైకోర్టులోనూ మండలికి ఎదురుదెబ్బే తగిలింది. మండలి అక్కడితో చేతులెత్తేయవచ్చు. పైనున్న ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లడం ఏ అధికారికైనా సులువైన పని కాదు. అయినా వెళ్లింది.

1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు, జస్టిస్ ఎస్.బి. మజ్ముదార్ ఇచ్చిన తీర్పు మా వృత్తిలో బరువును ఒక భుజం మీది నుంచి మరో భుజానికి మార్చింది. హాని జరుగుతుందని నిరూపించవలసింది మండలి కాదని, జరగదని చూపవలసింది ఉన్న పరిస్థితిని మార్చదలచినవారేనని కోర్టు చెప్పింది. ఇలాంటి శాస్త్రీయ వివాదాలను తేల్చే న్యాయపీఠాల్లో శాస్త్రం తెలిసినవారూ ఉండాలని కూడా అంది. 2000 డిసెంబరులో తుది తీర్పు మండలి నిరాకరణనే నిలబెట్టింది. కొన్నేళ్ల తరువాత జస్టిస్ జగన్నాథరావు లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో 186వ నివేదికలో పర్యావరణ న్యాయస్థానాలను ప్రతిపాదించారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ఒక మండలి చెప్పిన ‘కాదు’ అంత దూరం నడిచింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో 111 ఆంక్షలను తొలగించాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించినప్పుడు నాకు కలిగిన బాధను ఈ వేదిక మీద దాచుకోను.

పరిశ్రమలతో కలిసి పనిచేయడం అవసరమా అంటే తప్పక అవసరమే. చిన్న యూనిట్లు ఎవరికి వారు శుద్ధి యంత్రాలు పెట్టుకోలేవు కాబట్టి అందరి వ్యర్థజలాలనూ ట్యాంకర్లలో ఒకచోటికి చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రాలు వచ్చాయి. పటాన్‌చెరులో అలాంటిది 1990లలోనే మొదలైంది. ఆలోచన మంచిది. అయితే సుమారు 90 మందుల కంపెనీల నీరు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మేము ఆమ్లత్వం చూశాం, సీవోడీ, అంటే నీటిలోని మలినాల మోతాదును చెప్పే ఆక్సిజన్ కొలత, చూశాం, కరిగిన లవణాలు చూశాం. యాంటీబయాటిక్ ఎంత ఉందో మా ఫారంలో గడి లేదు, ఎందుకంటే దానికి ప్రమాణం లేదు. అంటే షరతులన్నీ పాటించిన రోజున కూడా ఆ నీటిలో మందు వెళ్లిపోయేది, అందులోని బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటుపడేది. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులతో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ముసాయిదాకూ తుది పాఠానికీ మధ్య పరిశ్రమ మాట వినిపించే దారులు చాలా ఉన్నాయి. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు ఒడ్డున ఉన్న రైతుకు అలాంటి దారి ఒక్కటీ లేదు. ఆ ఊళ్ల తరఫున పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. వారు చెప్పినదాన్ని మేము ఫిర్యాదుగా నమోదు చేసుకున్నాం. సమాచారంగా తీసుకుని ఉంటే ఫారంలో లేని గడి ముందే గీసుకునేవాళ్లమేమో.

చట్టం మాత్రం ఈ సంగతి ముందే ఊహించింది. రాష్ట్ర మండలిలో ప్రభుత్వ అధికారులతోపాటు స్థానిక సంస్థల సభ్యులు ఐదుగురి దాకా ఉండవచ్చని, వ్యవసాయం, చేపల వేట, పరిశ్రమ, వ్యాపారం వంటి రంగాల నుంచి అనధికారులు ముగ్గురి దాకా ఉండవచ్చని 4వ సెక్షన్ రాసింది. జాలరికి కుర్చీ వేయడానికి 1974 నుంచే చోటుంది.

కుర్చీ లేని చోట మిగిలింది ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి, జిల్లా కలెక్టరు గాని ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి, సభ మొత్తం వీడియో తీయాలి. ప్రాజెక్టు వల్ల పరిసరాలకు ఏమవుతుందో అంచనా వేసే ప్రభావ మదింపు నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. తెలుగులో చేతికొచ్చేది దాని సంక్షిప్త పాఠం మాత్రమే. ఊరి బావుల లోతు, గాలి వీచే దిక్కు, లెక్కలోకి రాని కుంటలు ఆ పెద్ద సంపుటంలోనే ఉంటాయి, తప్పులుంటే అవీ అక్కడే ఉంటాయి. వాటిని పట్టుకోగలిగినవారు ఆ ఊరివాళ్లే, వారికి అది చదవడానికి వీలుండదు. దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సంస్థ ఖర్చుతో పూర్తి అనువాదం ఇప్పించాలని మండలి పట్టుబడితే చాలు.

అదే నోటిఫికేషన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక నిబంధన ఉంది. సభ చివర, చెప్పిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో పైకి చదివి వినిపించాలి. తీరప్రాంతంలో జరిగిన ఒక సభలో ఆ చదివే పని నాకు పడింది. ‘మత్స్యకారులు జీవనోపాధిపై సందేహాలు వ్యక్తం చేశారు’ అని చదివాను. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, ‘సందేహం కాదు బాబూ, నేను చెప్పింది నెలలు’ అన్నారు. ఏ నెలల్లో ఏ చేప ఒడ్డుకు దగ్గరగా వచ్చి గుడ్లు పెడుతుందో, ఆ నెలల్లో గొట్టం నుంచి వేడినీరు వదిలితే ఏమవుతుందో ఆయన ఉదయమే చెప్పారు. మేము దాన్ని ఒక్క మాటలో కుదించాం. కలెక్టరుగారి ప్రతినిధి సభను ఆపించారు. ఆ పెద్దాయన మళ్లీ చెబుతుంటే నెలల పేర్లు, చేపల పేర్లు నేను చేత్తోనే రాశాను. రాసింది ఆయనకు చదివి వినిపించి, తరువాతే సంతకం పెట్టాం.