ఆఫీస్ పనికి ల్యాప్‌టాప్ కొంటున్నారా? ప్రాసెసర్ కంటే ముందు స్క్రీన్ చూడండి

హాయ్ అండి, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ 14 అంగుళాల ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్ళే రివ్యూకి పంపారు, రెండు వారాలు వాడి తిరిగిచ్చేయాలి, డబ్బులేం ఇవ్వలేదు. స్పెక్స్ మీరు ఈపాటికి చూసేసుంటారు కాబట్టి చదవను. నేను ఎక్కువగా స్క్రీన్ గురించే మాట్లాడతా, ఎందుకంటే దాని వల్లే మా ఇంట్లో దెబ్బ తగిలింది.

మా అక్క మంగళగిరి చీరలు వాట్సాప్‌లో అమ్ముతుంది, ఫొటోలు ఎడిట్ చేసేది నేను. నా పాత ల్యాప్‌టాప్ 250 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే లెక్క). కొనేటప్పుడు ఐ7 ప్రాసెసర్ ఉందా లేదా అనే చూశా, ఆ నంబర్లు అసలు పట్టించుకోలా. అందులో ఏ రంగైనా వెలిసిపోయినట్టే కనిపిస్తుంది, మెరూన్ చీర చప్పగా ఉందని శాచురేషన్ పెంచా, ఇంకాస్త పెంచా, నా స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది, కస్టమర్ ఫోన్‌లోకెళ్ళేసరికి ఎర్రగా మండిపోతోంది. చీర అందాక "నేనడిగిన రంగు ఇది కాదమ్మా" అని ఆవిడ వెనక్కి పంపేశారు. అలా మూడు చీరలు తిరిగొచ్చాయి, కొరియర్ ఖర్చులు అక్క మీదే పడ్డాయి, నాకు ఇప్పటికీ బాధే.

45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే, ఫొటోలకి, వెబ్‌కి మామూలుగా వాడే రంగుల ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో సుమారు 60, 65 శాతమే, మిగతా రంగులు ఆ ప్యానెల్ చూపించలేదు, సెట్టింగ్స్ ఎంత తిప్పినా రావు. ఈ రివ్యూ ల్యాప్‌టాప్‌లో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. ఇదిగో, అదే మెరూన్ చీర పక్కనే పెట్టా, స్క్రీన్ మీది రంగు చూడండి, చీర రంగు చూడండి. ఇది కదా కావాల్సింది!

ఇంకోటి, ఇది 1920 బై 1200, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ కంటే నిలువుగా 120 పిక్సెల్స్ ఎక్కువ, స్కేలింగ్ (అక్షరాల, బొమ్మల సైజు సెట్టింగ్) 100 శాతంలో పెడితే ఎక్సెల్‌లో ఆరు వరసలు అదనం. తెలుగు చిన్న ఫాంట్‌లో పెట్టినా ఒత్తులు అలుక్కుపోవట్లా. 400 నిట్స్, మ్యాట్ ఫినిష్, మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చున్నా స్క్రీన్‌లో నా మొహం కనపడలేదు.

పర్ఫార్మెన్స్ అంటారా, ఇది యూ సిరీస్ ఐ5, అంటే తక్కువ కరెంట్ తీసుకునే ప్రాసెసర్. క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు, ఎక్సెల్, జూమ్ కాల్ అన్నీ ఒకేసారి నడిపా, ఎక్కడా ఆగలేదు. రోజూ చేసే పనికి ఎక్కువ పవర్ ఉండే హెచ్ సిరీస్ అక్కర్లేదండి, దాంతో ఫ్యాన్ రొద, బ్యాటరీ గోల తప్ప ఒరిగేదేం లేదు. గేమ్స్, 4కే ఎడిటింగ్ చేసేవాళ్ళ లెక్క వేరు.

కోపం తెప్పించింది ఒక్కటే, ర్యామ్ బోర్డుకి సోల్డర్ చేసేశారు, తర్వాత పెంచుకోలేం. కాబట్టి 8 జీబీ మోడల్ జోలికి పోవద్దు, 16 జీబీ అయితే కళ్ళు మూసుకుని తీసుకోండి, నేనైతే అక్క కోసం ఇదే ఆర్డర్ పెడుతున్నా.

వేరే మోడల్ చూస్తున్నారా? షాపుకెళ్ళి మీ ఫోన్‌లో ఉన్న చీర ఫొటో ఒకటి ఆ ల్యాప్‌టాప్‌లో తెరిచి, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.