తాజంగి రిజర్వాయర్‌లో పిట్టలు: డిసెంబర్ దాకా ఆగకండి

నమస్తే అండీ. లంబసింగి అనగానే అందరికీ డిసెంబర్, పొగమంచు, చలిమంటలే గుర్తొస్తాయి. పిట్టల కోసం వచ్చేవాళ్లకి మాత్రం నేను చెప్పేది సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదటి వారాలు. ఇప్పుడు మనం లంబసింగికి దగ్గర్లోనే, చింతపల్లి మండలంలో, తాజంగి రిజర్వాయర్ గట్టు మీద ఉన్నాం.

ముందు నిరాశ సంగతి చెప్పేస్తాను. వానలకి నీళ్లు నిండుగా ఉన్నాయి, బురద ఒడ్డు ఇంకా తేలలేదు. బాతుల గుంపులు, బురదలో మేత వెతుక్కునే ఉల్లంకుల గుంపులు ఆశించి రాకండి. నీటికాకులు, కొంగలు ఉన్నాయి. అదిగో, గడ్డి పక్కన బుడుబుంగ! వెనకాలే పిల్ల, తల మీద చారలు చూశారా? తల్లి మునిగినప్పుడల్లా అక్కడక్కడే తిరుగుతూ పిలుస్తోంది.

ఇక ఈ గట్టు రాళ్ల మీదకి రండి, జూమ్ చేస్తున్నాను. బూడిదరంగు వీపు, కింద పసుపు, పొడవాటి తోక. ఆ తోక ఒక్క క్షణం ఆగదు. ఇది గ్రే వాగ్‌టెయిల్, మన జిట్టంగుల్లో ఒకటి. హిమాలయాల్లో పిల్లల్ని పెంచుకుని ఇప్పుడే కిందికి దిగింది. వినండి, 'చిట్‌జిట్'! రెండోది వచ్చింది... తరిమేసింది! చలికాలం మేత కోసం నీటి అంచున ఎవరి జాగా వాళ్లు పట్టుకుంటారు. ఆ తగువులు జోరుగా ఉండేది వచ్చిన కొత్తలోనే. ఈ రోజులకే నా ఓటు ఎందుకంటే, ఇదిగో, ఇందుకే.

కాఫీ తోటల వైపు కూడా చెవి పెట్టండి. సిల్వర్ ఓక్ కొమ్మల్లోంచి 'చిస్లీ' అని సన్నగా వినిపిస్తే అది గ్రీనిష్ వార్‌బ్లర్ అనే చిన్న వలస పిట్ట. పది గ్రాములు కూడా తూగదు. చలికాలంలో ఇది ఎలా బతుకుతుందో ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త ఈ తూర్పు కనుమల్లోనే అధ్యయనం చేశారు. విశాఖ కనుమల పక్షుల గురించి మన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు 1980లలోనే రాశారు. అలాంటి చోటికి బైనాక్యులర్స్ పట్టుకొచ్చేవాళ్లు ఇంత తక్కువంటే నాకు బాధగా ఉంటుంది.

తెల్లారేసరికి గట్టు మీదుండండి. 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే) బైనాక్యులర్స్ చాలు, రెయిన్‌కోట్ తప్పనిసరి. బోట్లు తిరిగితే నీటి పక్షులు దూరం జరుగుతాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: ఫోన్‌లో కూతలు పెట్టి పిట్టల్ని పిలవకండి. అంత దూరం ఎగిరొచ్చి జాగా కోసం పోరాడుతున్నవి, లేని శత్రువు మీదకి లేస్తాయి.

చూసినవి తేదీతో సహా ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించండి. మీ ఊరి చెరువు దగ్గరికి జిట్టంగి వచ్చిందా? మొదట ఏ రోజు కనిపించిందో కామెంట్లో రాయండి.