ఫోన్-ఇన్: మందు చూస్తే నోరు బిగించే పిల్లలకి మందు పట్టేదెలా?

యాంకర్: నమస్కారం. విజయవాడ స్టూడియో నుంచి మాట్లాడుతున్నాం. పిల్లల డాక్టరు గారు మనతో ఉన్నారు. రుచి, వాసన, ముట్టుకోవడం, శబ్దం ఇలాంటివి మామూలు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే చిన్నపిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, వీళ్లకి మందులు ఎలా పట్టాలన్నది ఇవాల్టి విషయం. లైన్లు అప్పుడే నిండిపోయాయి. మేడమ్, ముందు ఒక్క మాట చెప్పండి.

డాక్టర్: ముక్కు మూసి మందు పోయొద్దు. పడుకోబెట్టి పోయొద్దు. పొలమారి మందు ఊపిరితిత్తుల్లోకి పోతే జ్వరానికి వచ్చిన పిల్లాడు న్యుమోనియాతో మంచం ఎక్కుతాడు. ఈ మాట ఇవాళ ఇంకో నాలుగుసార్లు చెప్తాను, విసుక్కోకండి. ఇంకోటి, ఈ పిల్లలది మొండితనం కాదు. మనకి కాస్త చేదు అనిపించేది వాళ్ల నాలుకకి భరించలేనంత చేదు కావచ్చు. లేదా చేదుతో గొడవే లేదు, ఆ గులాబీ రంగు, ఆ ఎసెన్స్ వాసన, ఆ జిగురు, చల్లటి స్టీలు చెంచా పెదవికి తగలడం, వీటిలో ఏదో ఒకటి పడదు. ఏది పడటం లేదో కనిపెట్టి దాన్ని మార్చాలి. సరే, కాల్స్ తీసుకుందాం.

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్ (విజయవాడ): బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్నానండీ, ట్రాఫిక్ శబ్దం వస్తోంది, సారీ. మా పాపకి నాలుగేళ్లు, 16 కిలోలు. జ్వరం సిరప్ 10 ఎంఎల్ రాశారు. అంత తాగదండీ, సగంలోనే కక్కేస్తుంది. చంటిపిల్లల డ్రాప్స్ అయితే తక్కువ కదా, అవి వేయొచ్చా?

డాక్టర్: మంచి ప్రశ్న, కానీ జాగ్రత్త. మామూలు పారాసెటమాల్ సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100. అంటే నాలుగు రెట్లు చిక్కన. సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే పిల్లకి ప్రమాదం. దానికన్నా 5 ఎంఎల్‌కి 250 ఉండే సిరప్ దొరుకుతుంది, అదైతే 10 బదులు 5 ఎంఎల్ సరిపోతుంది. మీ డాక్టరుతో రాయించుకోండి, సొంతంగా మార్చొద్దు. సీసా మీద ఉన్న అంకె చదవకుండా కొలవొద్దు. ఇంట్లో చెంచాతో అసలే వద్దు, ఒక్కో చెంచా ఒక్కో కొలత.

కాలర్: అయితే ఇప్పుడు షాపులో...

యాంకర్: లైన్ కట్ అయింది. నెక్స్ట్ కాలర్. గుంటూరు నుంచి.

కాలర్ (గుంటూరు): నమస్కారం డాక్టరమ్మా. బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నా. మా మనవడి గురించమ్మా. నాలుగున్నరేళ్లు వాడికి. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు, సాయంత్రం దాకా నా దగ్గరే. ఆటిజం అన్నారు పోయినేడు. మాటలు రాలేదింకా, 'తాత' అంటాడు, 'ఉయ్యాల' అంటాడు, అంతే. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మూలకి పోతాడు. కొత్త చొక్కా తొడిగితే విప్పి పారేస్తాడు. అన్నమంటే పెరుగన్నం ఒక్కటే తల్లీ, అదీ ఒక గిన్నె ఉంది, చిన్న స్టీలు గిన్నె, అంచు ఒకవైపు నొక్కుకుపోయింది, ఆ నొక్కు వాడి బొటనవేలికి అందాలి, అప్పుడే తింటాడు...

డాక్టర్: అమ్మా, మందు సంగతి చెప్పండి.

కాలర్: అదేనమ్మా, అక్కడికే వస్తున్నా. రెండు నెలల కింద ఫిట్స్ వచ్చింది. సిరప్ రాశారు, పొద్దున 4 ఎంఎల్, రాత్రి 4 ఎంఎల్. మేం పిల్లల్ని పెంచినప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ముక్కు పట్టుకుని ఉగ్గుగిన్నెతో పోసేవాళ్లం, అలాగే పోశా. వాడు గుక్కపట్టేశాడమ్మా, పెదాలు నల్లబడ్డాయి. నా ప్రాణం పోయినంత పనైంది. మళ్లీ అలా చెయ్యలేదు. తర్వాత ఏం చేశానంటే, పెరుగన్నంలో కలిపా. మూడు రోజులు తిన్నాడు. నాలుగో రోజు గిన్నె వాసన చూసి అవతలికి నెట్టాడు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు, పెరుగన్నం ముట్టలేదు. ఆ గిన్నె కనపడితే మంచం కిందికి దూరుతున్నాడు. పాలు, బిస్కెట్లు, అంతే తిండి. ఉన్న ఒక్క అన్నం నేనే పోగొట్టాను కదమ్మా.

డాక్టర్: అమ్మగారూ, మీరు ప్రేమతో చేశారు, మీలా చేసేవాళ్లు నా దగ్గరకి వారానికి ముగ్గురు నలుగురు వస్తారు. ముందు ఇది చెప్పండి, మందు ఎన్ని పూటలు తప్పింది?

కాలర్: రోజుకి ఒక పూట ఎట్లాగో పోతోంది. రెండో పూట ఉమ్మేస్తాడు.

డాక్టర్: అయితే ఇవాళే, ఈ కాల్ పెట్టేసిన వెంటనే, మందు రాసిన డాక్టరుకి ఫోన్ చేయండి. ఫిట్స్ మందు పూటలు తప్పితే ఫిట్స్ మళ్లీ రావచ్చు. ఉమ్మేసింది ఎంతో తెలియదు కాబట్టి మీ అంచనాతో మళ్లీ పొయ్యొద్దు. ఒకవేళ ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, టైం చూసుకోండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. విన్నారా?

కాలర్: విన్నానమ్మా, మా కోడలు పక్కనే రాసుకుంటోంది, ఇవాళ సెలవు పెట్టింది. ఇంతకీ రాత్రికి ఎలా పట్టేది? పెరుగన్నంలో కాకుండా పాలల్లో వేయొచ్చా?

డాక్టర్: వద్దు. పాలు కూడా పోతాయి. గ్లాసు నిండా పాలల్లో కలిపితే సగం తాగి వదిలేస్తాడు, ఎంత మందు పోయిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. వాడు నమ్మి తినేదాంట్లో మందు దాచొద్దు. మాటలు రాని పిల్లాడికి ఆ గిన్నె, ఆ పెరుగన్నం, అదొక భరోసా అమ్మా.

కాలర్: నిజమే తల్లీ.

డాక్టర్: సూది లేని సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది, 5 ఎంఎల్‌ది. మీవాడికి సిరంజి చూస్తే భయమా?

కాలర్: భయమే. ఇంజెక్షన్ అనుకుంటాడు.

డాక్టర్: అయితే రెండు సిరంజిలు తెప్పించండి. ఒకటి స్నానాల గదిలో బకెట్లో పడేయండి. వాడే నీళ్లు పీల్చి గోడ మీదికి చిమ్ముకోనివ్వండి. తర్వాత బొమ్మ నోట్లో, తాత నోట్లో. రెండోదాంట్లో ఉత్త నీళ్లు, వాడి నోట్లోకి వాడే నొక్కుకోవాలి. అది అలవాటయ్యాక మందు.

కాలర్: రాత్రికి అంటే ఇవాళ రాత్రికి...

డాక్టర్: ఇవాళ రాత్రి విషయం మీ డాక్టరు చెప్తారమ్మా, ఇదే మందు ఇంకో రూపంలో ఉందేమో, తక్కువ కొలతలో ఉందేమో అడగండి. పట్టే పద్ధతి నేను చెప్తాను, కోడల్ని రాసుకోమనండి. మందు వేరే గదిలో సిరంజిలోకి తీసుకురండి, సీసా మూత తీసిన వాసన వాడికి తగలకూడదు. మీ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, వెనక నుంచి గట్టిగా హత్తుకోండి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి మెత్తగా తాకితే చిరాకు, గట్టిగా హత్తుకుంటే నెమ్మది. మీవాడికి ఏది ఇష్టమో మీకే తెలుసు. ముందు పుల్ల ఐసు ఒక నిమిషం చప్పరించనివ్వండి, నాలుక మొద్దుబారితే రుచి తక్కువ తెలుస్తుంది. సిరంజి మొన బుగ్గ లోపలి పక్కకి పెట్టండి, గొంతులోకి చిమ్మొద్దు. అర ఎంఎల్ చొప్పున. మింగాక మళ్లీ అర. 4 ఎంఎల్ అంటే ఎనిమిది సార్లు. గట్టిగా లెక్కపెట్టండి, ఒకటి, రెండు, మూడు, రోజూ అదే గొంతుతో, ఎనిమిదికి అయిపోవాలి. 'ఇంకొక్కటి' అని తొమ్మిదోది పెట్టారంటే రేపటి నుంచి మీ లెక్కని నమ్మడు. అయిపోగానే ఉయ్యాల. మందు బొమ్మ ఒకటి, ఉయ్యాల బొమ్మ ఒకటి కాగితం మీద గీసి గోడకి అంటించండి, ముందు ఇది, తర్వాత అది. మాట అర్థం కాకపోయినా బొమ్మ అర్థమవుతుంది.

యాంకర్: మేడమ్, వేరే కాలర్లు...

డాక్టర్: ఒక్క నిమిషం. అమ్మా, మందు పట్టే చోటు వేరు, అన్నం తినే చోటు వేరుగా ఉండాలి. పెరుగన్నం ఆ నొక్కిన గిన్నెలోనే వాడి దగ్గర పెట్టి ఊరుకోండి. తినమనొద్దు. పక్కన కూర్చుని మీరు తినండి. వాసన చూస్తాడు, వెళ్లిపోతాడు, మళ్లీ వస్తాడు. మీ కోడలు రాసుకున్న దాంట్లో ఆ మాట కింద గీత గీయమనండి, తినమనొద్దు.

కాలర్: అలాగేనమ్మా. మరి ఇంకోటి, ఒకవేళ రాత్రికి పెరుగన్నం తింటే, కాస్త, ఒక చుక్క...

డాక్టర్: అమ్మగారూ! వద్దు. ఒక చుక్క కూడా వద్దు. మీకు కోపం వచ్చినా సరే.

కాలర్: కోపం ఎందుకమ్మా, నా భయం నాది. వాడికి మళ్లీ ఫిట్స్ వస్తే నేను ఒక్కదాన్నే ఉంటా ఇంట్లో.

డాక్టర్: తెలుసమ్మా. అందుకే ఆ ఫోన్ ముందు చేయండి. మీ నంబర్ స్టూడియోలో ఇచ్చి వెళ్లండి, సాయంత్రం నేను మాట్లాడతాను.

యాంకర్: థాంక్యూ అమ్మా. మంగళగిరి నుంచి కాలర్.

కాలర్ (మంగళగిరి): నమస్తే మేడమ్. మా బాబుకి ఆరేళ్లు. సిరప్ పడదు, టాబ్లెట్ పొడి చేసి జామ్‌లో పెడితే నలకలు తగిలి కక్కుతున్నాడు.

డాక్టర్: స్ట్రిప్ మీద పేరు పక్కన సీఆర్, ఎస్ఆర్, ఈఆర్ అని అక్షరాలున్నాయా?

కాలర్: ఎస్ఆర్ అని ఉందండీ.

డాక్టర్: అది పొడి చేయకూడదండీ! రోజంతా కొంచెం కొంచెంగా విడుదలవ్వాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. ఆపేయకండి, ఇవాళే డాక్టరుని అడగండి. మామూలు టాబ్లెట్ అయినా సరే, పొడి చేయొచ్చా అని అడిగాకే చేయాలి. వేరే రూపం ఉంటే నలకల గొడవే ఉండదు.

యాంకర్: సరేనండీ, థాంక్యూ. నెక్స్ట్, తెనాలి.

కాలర్ (తెనాలి): మేడమ్, యాంటీబయాటిక్ ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. చల్లగా ఉంటే మా పాప నోరు తెరవదు. వేడినీళ్లలో పెట్టొచ్చా?

డాక్టర్: వేడినీళ్లు వద్దమ్మా. కావాల్సిన కొలత సిరంజిలోకి తీసి, గుప్పిట్లో రెండు మూడు నిమిషాలు పట్టుకోండి, ఆ వెచ్చదనం చాలు. సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకి. అన్ని యాంటీబయాటిక్‌లూ ఫ్రిజ్‌లో పెట్టేవి కావు, డబ్బా మీద చూడండి. పుల్లటి రసాల్లో కలపకండి, కొన్ని ఇంకా చేదెక్కుతాయి. నోట్లోంచి ఆ రుచి పోవడానికి అప్పడం ముక్కో వడియమో ఇవ్వండి, కరకరలాడేవి ఈ పిల్లల్లో చాలామందికి ఇష్టం.

కాలర్: థెరపీ ఎక్కడ చేయించాలండీ, బయట చాలా అడుగుతున్నారు.

డాక్టర్: ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం ఉంది, దాని కింద డీఈఐసీ అని జిల్లా కేంద్రాలున్నాయి, పిల్లల ఎదుగుదల లోపాలు చూస్తారు, ప్రభుత్వాసుపత్రిలో అడగండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం కూడా అడగండి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే తిండి, బట్టలు లాంటి రోజువారీ పనులు పిల్లలకి అలవాటు చేయించేవాళ్లు, కావాలని చెప్పండి.

యాంకర్: చివరి కాల్. గన్నవరం. త్వరగా చెప్పండమ్మా.

కాలర్ (గన్నవరం): మేడమ్, తొమ్మిది నెలల బాబు, మందు తేనెతో నాకించొచ్చా?

డాక్టర్: వద్దు. ఏడాది నిండకుండా తేనె ఇవ్వకూడదు, బొటులిజం అని, ఒళ్లు చచ్చుబడే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

కాలర్: చాక్లెట్ అని చెప్పి పెద్దదానికి...

డాక్టర్: అది కూడా వద్దమ్మా. మందుని చాక్లెట్ అని చెప్తే, మీరు లేనప్పుడు సీసా అందితే మొత్తం తాగేస్తుంది. మందుని మందు అనే చెప్పండి.

యాంకర్: టైం అయిపోయింది మేడమ్. గుంటూరు అమ్మగారు లైన్లోనే ఉన్నారట, వాళ్ల డాక్టరు ఫోన్ ఎత్తారట, పన్నెండింటికి తీసుకురమ్మన్నారట.

డాక్టర్: మంచిది. వెళ్లేటప్పుడు సిరప్ సీసా, ఆ గిన్నె, రెండూ తీసుకెళ్లమని చెప్పండి.