ఇప్పుడు ఎప్పుడు?

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మా అక్కకు చూపు పోయి కొన్నేళ్లయింది. అంతకుముందు దొరికిన పుస్తకమల్లా చదివిన మనిషి. ఇప్పుడు కర్నూలులో మా ఇంటి వసారాలో సాయంత్రాలు నేను చదువుతాను, ఆమె వింటుంది. ఇంగ్లీషు పుస్తకమైతే పేజీ చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెబుతాను. కాలక్రమం తప్పించి నడిచే సైన్స్ ఫిక్షన్ గురించి ఈ రోజు నేను చెప్పేదంతా ఆ వసారాలో నేర్చుకున్నదే.

కర్ట్ వానెగట్ 1969లో వెలువరించిన 'స్లాటర్‌హౌస్ ఫైవ్' నవలతో మొదలుపెట్టాం. 1945 ఫిబ్రవరిలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద బాంబులు కురిసినప్పుడు రచయిత ఆ ఊళ్లోనే యుద్ధఖైదీ. ఆయన సృష్టించిన బిల్లీ పిల్‌గ్రిమ్‌కు కాలం మీద పట్టు తప్పిపోతుంది. ముసలివాడుగా కన్ను మూస్తే పెళ్లిరోజున మెలకువ వస్తుంది. మూడో సాయంత్రం అక్క నన్ను ఆపి అడిగింది: "ఇప్పుడు ఎప్పుడురా?"

నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. కాలం మారిన చోట పేజీలో వదిలిన ఖాళీ నా కంటికి కనిపిస్తోంది. ఇంకెంత కథ మిగిలిందో బొటనవేలి కింద మందం చెబుతోంది. అనుమానం వస్తే వెనక్కి తిప్పుకుంటాను. అదే నవలలో ట్రాల్ఫమడోర్ అనే గ్రహం ఉంది. అక్కడివాళ్లకు కాలమంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. వాళ్ల పుస్తకాల్లోని గుర్తుల గుంపులన్నీ ఒకే చూపులో చదివేస్తారు. పుస్తకం చేతిలో ఉన్న నేను ఆ గ్రహవాసిని. వింటున్న అక్క బిల్లీ.

ఆమెకు కష్టం కాకూడదని కాలం మారినప్పుడల్లా సంవత్సరం చెప్పడం మొదలుపెట్టాను. వారం ఓర్చుకుంది. "చెప్పకు. అతనికి ఎవరు చెబుతున్నారు?" అంది. ఇలాంటి కథను మొదటిసారి వినాలి, తర్వాతే చదవాలి అని నేను నమ్మడం ఆ మాటతోనే మొదలైంది.

తర్వాత టెడ్ చియాంగ్ 1998 నాటి కథ 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్'. గ్రహాంతరవాసుల భాష నేర్చుకునే భాగాలు భూతకాలంలో సాగుతాయి. తల్లి కూతురితో మాట్లాడే భాగాల్లో భవిష్యత్తు. ఇంగ్లీషులో ఆ తేడా వాక్యం మొదట్లోనే బయటపడుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది; వచ్చినా "నువ్వు నవ్వుతావు" అంటే రోజూ నవ్వుతావనా, ముందు ముందు నవ్వుతావనా? రెండూ. ఆ పిల్ల ఆ గదిలోనే తిరుగుతోందనుకుని అక్క చాలాసేపు వింది. ఆ పిల్ల ఇంకా పుట్టనేలేదని తెలిశాక చాలాసేపు మాట్లాడలేదు. రాబోయేదాన్ని జ్ఞాపకంలా మోసే తల్లి కథ అది. మన వ్యాకరణం దాన్ని దాచిపెట్టి, సమయం చూసి చేతిలో పెట్టింది. పేజీ చూస్తున్న నాకు ఆ అనుభవం దక్కలేదు.

వినే చెవికి ఇంత క్లిష్టత తగదనేవాళ్లతో నేను ఒప్పుకోను. అవధానం చూడండి. ప్రశ్న వేసే ఒక్కో పృచ్ఛకుడికి పద్యంలో ఒక్కో పాదం చెబుతూ అవధాని ముందుకు వెళ్తాడు. సగం సగం పద్యాలను తలలో ఉంచుకుని సభ కూర్చుంటుంది. నంద్యాల మనకెంత దూరం? ఆ నంద్యాల కృష్ణరాజుకు పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన 'కళాపూర్ణోదయం' కావ్యాన్ని అంకితమిచ్చాడు. కళాపూర్ణుడి కథ అనే మాట మొదట్లోనే అందులోని కలభాషిణి అనే అమ్మాయి చెవిన పడుతుంది. కళాపూర్ణుడు పుట్టడానికి మాత్రం మనం ఎన్నో ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు, దాటాలి. అది సైన్స్ ఫిక్షన్ కాదు, కానీ కాలాన్ని మడతపెట్టే పని అదే.

చూపులేనివారి కోసం పుస్తకాలు రికార్డు చేస్తున్న యువతీ యువకులు ఈ సభలో ఉన్నారు. మీకు నా విన్నపం ఒక్కటే. పేజీలో ఖాళీ వచ్చిన చోట ఒక ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగండి. తర్వాత ఆ నిశ్శబ్దాన్ని కత్తిరించకండి. రచయిత రాయని సంవత్సరాన్ని మీరు చెప్పకండి. నేను ఆగినప్పుడు అక్క తల కొంచెం పక్కకు తిప్పుతుంది. చోటు మారిందని ఆమెకు తెలుసు, ఎక్కడికో తెలియదు.

ఈ మధ్య 'కళాపూర్ణోదయం' మొదలుపెట్టాం. రెండో ఆశ్వాసంలో ఉన్నాం. కళాపూర్ణుడు ఇంకా పుట్టలేదు.