గడీ వెనక దర్వాజ

అందరికీ నమస్తే. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలు అక్కడికే అయిపోతయి, ఏమనుకోకుండ్రి. గ్రంథాలయ వారోత్సవం గదా, పుస్తకాల మీద మాట్లాడుమన్నరు. రాసుకొచ్చిన కాగితం జేబుల్నే ఉన్నది. తియ్య. మన ఊరి గడీ, అదే దొర కోట లాంటి ఇల్లు, దాని సంగతి చెప్పాలె.

మన గడీకి మరమ్మతు చేస్తరట, సంతోషం. ముందటి బురుజు, అరుగులు ఉంచుతరట. వెనక వడ్లు పోసే గరిసెలు, పశువుల దొడ్డి కూలగొడ్తరట. అక్కడ్నే నాకు మనసొప్పుతలేదు.

గడీ అంటే బురుజొక్కటే కాదు, దాని వెనక సేద్యం. నిజాం కాలంల విసునూరు దొర, దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలని చెప్తరు. అంత భూమి ఎవరు దున్నిండ్రు? మోట ఎవరు కొట్టిండ్రు? తాత చేసిన బాకీకి మనుమడు కూడ భగేలా జీతగాడే, అంటే బాకీ కింద దొరకు చాకిరి చేసుడే. వెట్టి వద్దని నిజాం 1923లనే ఫర్మానా ఇచ్చిండు. అది ఊళ్లకు రాలేదు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన చేను మీదికి దేశ్‌ముఖ్ మనుషులొస్తే, ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు ఆ పంట కోసి ఆమె ఇంటికే చేర్చిండ్రు. 1946 జులై 4న కడవెండిల సంఘం మనిషి దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు ఒరిగిండు. ఇవన్నీ మీకెరికే.

ఎరుక లేనిదొకటి చెప్త. నేను ఐదో తరగతి చదివేటప్పుడు బడి గడీలనే నడిచేది. దొర పట్నం పోయి ఏండ్లాయె. ఓనాడు నేను సద్ది మరిచిపోతే మా నానమ్మ తెచ్చింది. పెద్ద దర్వాజ బార్లా తెరిచే ఉన్నది. ఆమె అటు రాలేదు. గోడ పొంటి చుట్టు తిరిగి వెనక దర్వాజ కాడ నిలబడ్డది. చెప్పులు చింతచెట్టు కిందనే విడిచింది. ఎండల కాళ్లు మార్చి మార్చి వేస్తున్నది. "లోపలికి రా నానమ్మా, ఎవ్వరు లేరు" అన్న. రాలేదు. గడప అవతలి నుంచే సర్వ చేతికిచ్చింది. ఆ గరిసెలకు వడ్లు మోసింది ఆమెనే. సున్నం గానుగ కాడ నీళ్లు పోసింది ఆమె తల్లి.

ఎవ్వరు లేరు. అయినా రాలేదు!

సర్పంచ్ గారూ, మీరు ఇక్కడ్నే ఉన్నరు, మీకే చెప్తున్న. ఆ వెనక దర్వాజ ముట్టకుండ్రి. గరిసెల్ల ఒక్కటన్న ఉంచుండ్రి. అమ్మలారా, డెబ్బై దాటినోళ్లు మీరు నలుగురన్న ఉన్నరు. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి అక్కడికి రాండ్రి. పిల్లలు నోటుబుక్కులు పట్టుకొని వస్తరు. ఎవరెవరు ఏం మోసిండ్రో పేర్లు చెప్పుండ్రి, రాసుకుంటరు.